తోళ్ల బాటలో నడిచిన మాట

ఈ ప్రాంతానికి క్రైస్తవం ఎట్లా వచ్చిందని ఒంగోలులో ఎవరిని అడిగినా రెండు కథలు చెబుతారు. మొదటిది ప్రార్థన కొండ కథ. 1854 జనవరి 1న తెల్లవారకముందే నెల్లూరు మిషన్ దొర లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్లు ఊరి పక్క కొండెక్కారు. ఈ ఊరికి ఒక మిషనరీని పంపమని మోకరించారు. రెండోది గుండ్లకమ్మ కథ. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఏట్లో ఒక్క పగటిపూట 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏ జూబిలీ సావనీరు తిరగేసినా ఈ రెండు కథలూ తప్పవు.

కొండకూ ఏటికీ మధ్య ఇరవై నాలుగేళ్ల ఎడం ఉంది. పడమటి ప్రకాశంలో సాంఘిక శాస్త్రం చెప్పుకుంటూ రిటైరైనదాన్ని. తరగతిలో ఎప్పుడు ఈ సంగతి వచ్చినా వెనక బెంచీ పిల్లవాడెవడో లేచి, “అంతమందికి ఒక్కరోజే ఎట్టా తెలిసింది మేడం?” అనేవాడు. తెలివైన ప్రశ్న. అప్పటికి రేడియో లేదు, మైకు లేదు. ఆ వచ్చినవాళ్లలో చదవడం వచ్చినవాళ్లే అరుదు. దొర ఒక్కడు గుర్రం మీద ఎన్ని ఊళ్లు తిరగగలడు?

జవాబు వెతుక్కుంటూ వెనక్కి పోతే దొర బంగళా దగ్గర కాదు, మాదిగపల్లె చివర లంద దగ్గర తేలతాం. సున్నం, తంగేడు చెక్క, నానుతున్న తోళ్ల వాసన. ఈ ప్రాంతపు మొదటి సువార్త సభ జరిగింది ఆ వాసనలోనే అంటాను నేను.

ఊళ్లో చచ్చిన గొడ్డు మీద హక్కు మాదిగది. ఆ తోలుతోనే ఊరికి చెప్పులు, ఎడ్లకు వార్లు, బావికి కపిల బాన కుట్టి ఇవ్వాలి. జాతరకు డప్పు కొట్టాలి. ఇంత చాకిరీకీ కళ్లంలో పంట నూర్చినప్పుడు ఇన్ని గింజలు మేర కింద పడేవి. అది ఊరి కట్టుబాటు. ఊరి అవసరానికి పోగా మిగిలిన తోలుకు వేరే దారి ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యకొచ్చేసరికి మద్రాసు నుంచి లండనుకు తోళ్ల ఎగుమతి పెరిగింది. ఊరూరా పచ్చితోళ్లు కొని, పోగేసి అమ్మే బేరగాళ్లు పుట్టుకొచ్చారు. వీళ్లు ఊరి కట్టు తెంచుకుని నాలుగు జిల్లాలు తిరిగే మాదిగలు. చేతిలో కొద్దో గొప్పో డబ్బు ఆడేది. పూటకూళ్ల ఇంట్లో వీళ్లకు చోటు లేదు కాబట్టి రాత్రి ఎక్కడ దిగినా చుట్టం ఇంట్లోనే దిగాలి. తోలు పోయిన దారిన చుట్టరికం ఉండేది, చుట్టరికం ఉన్నచోట తెల్లవార్లూ ముచ్చట్లు ఉండేవి.

అట్లాంటి బేరగాడే యర్రగుంట్ల పేరయ్య. కాపురం తాళ్లకొండపాడు, ఒంగోలుకు పడమట నలభై మైళ్ల దూరం. పేరయ్య గురించి మనకు ఇంతగా తెలియడానికి కారణం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌకు ఆమె రెండో భార్య. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ముసలి బోధకులను కూర్చోబెట్టుకుని, వాళ్ల తాతముత్తాతల సంగతులూ వాళ్ల సంగతులూ చెప్పించుకుని రాసుకుంది. 1899లో అచ్చయిన ఆ పుస్తకానికి ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అని పేరు పెట్టింది, అంటే చెప్పులు కుడుతూ చెప్పుకున్న కబుర్లు. మాదిగల జ్ఞాపకాలు అచ్చెక్కడం అప్పటికి చాలా అరుదు. కొండ కథా ఏటి కథా చెప్పేవాళ్లకు ఆ పుస్తకం ఎందుకు గుర్తురాదో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆ పుస్తకంలో పేరయ్య ఏమీ తెలియని అమాయకుడిగా కనపడడు. క్రీస్తు పేరు వినకముందే రాజయోగం పట్టినవాడు. బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొందాడు. విగ్రహాలు వద్దని, దేవుడు లోపలే ఉన్నాడని, ఒక్కడేనని చెప్పే గురువులు అప్పుడు మాదిగపల్లెల్లో తిరిగేవాళ్లు. పోతులూరి వీరబ్రహ్మం పేరు ఆ పల్లెల్లో బాగా తెలుసు. ఆయన శిష్యుడు కక్కయ్య మాదిగే కదా. నాసరయ్య అనే ఇంకో గురువు భక్తులు కూడా ఉండేవాళ్లు. గుడి మెట్టు ఎక్కనివ్వని జనానికి గురువే ఇంటికొచ్చి చెవిలో మంత్రం చెబితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అందుకే దేవుడి గురించి మాట్లాడుకోవడం మా వాళ్లకు దొరలు నేర్పిన అలవాటు కాదు. రాత్రి కూడు తిని మంచాల మీద చేరాక ఆత్మ ఎక్కడ ఉంటుంది, చచ్చాక ఎక్కడికి పోతుంది అని వాదించుకోవడం అప్పటికే వాడుకలో ఉంది.

పేరయ్య తోళ్ల కోసం కృష్ణ దాటి ఏలూరు వైపు పోయేవాడు. అక్కడ అబ్రహాం అనే చుట్టం అప్పటికే గోదావరి వైపు మిషనరీల బోధ విని క్రైస్తవుడయ్యాడు. యేసు సంగతి పేరయ్య మొదట విన్నది ఈ చుట్టం నోట. తెల్లదొర నోట కాదు, గుడారం సభలోనూ కాదు. ఆ రాత్రి ఇద్దరూ ఏమేం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. అయితే అవతలివాడు తన భాషలో, తన బాధ తెలిసి, తన కంచంలో తింటూ చెప్పినవాడు. ఇంటికొచ్చాక పేరయ్య ఊరుకోలేదు. భార్య నాగమ్మకు చెప్పాడు, శిష్యులకు చెప్పాడు, తోలు కొనడానికి ఏ పల్లెకు పోతే అక్కడ చెప్పాడు. 1866లో పేరయ్య, నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ కుటుంబం ఒంగోలులో కాపురం పెట్టింది కూడా ఆ ఏడే.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. ఆ నెలలోనే క్లౌ తాళ్లకొండపాడు దగ్గర డేరా వేశాడు. చుట్టుపట్ల పల్లెల నుంచి జనం వచ్చారు. వచ్చినవాళ్ల చేతుల్లో మూటలున్నాయి. నాలుగు రోజులకు సరిపడా తిండి, బాప్తిస్మం అయ్యాక కట్టుకోవడానికి ఉతికిన బట్ట. ఆ ఉతికిన బట్ట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. దొర ఏం చెబుతాడో విని అప్పుడు తేల్చుకుందామని వచ్చినవాళ్లు బట్ట తెచ్చుకోరు. వాళ్లు ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చారు. క్లౌ ప్రశ్నలు అడిగాడు, జవాబులు చెప్పారు. కొద్ది రోజుల్లోనే 28 మంది బాప్తిస్మం పొందారు. దొర వచ్చేసరికే దొర చేయాల్సిన పని సగం అయిపోయి ఉంది.

కొత్తగా చేరినవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మూడు ముక్కలే కానీ ఆ మూడూ ఊరి కట్టుబాటును మూడు చోట్ల నరికాయి. ఆదివారం మోట తోలడానికి మాదిగ రాడు. జాతరకు డప్పు మోగదు. చచ్చిన గొడ్డును మోసుకుపోయి తిన్నవాడే తక్కువవాడని ఊరు ఇన్నాళ్లూ అన్న మాట ఇక చెల్లదు. కరణాలకూ పెద్దరైతులకూ మండింది. దెబ్బలు పడ్డాయి, నీళ్లు ఆపారు, కళ్లంలో మేర ఆపారు. ఇట్లా నలిగినవాడి నోట వచ్చిన మాటకు పల్లెలో బరువు ఎక్కువ. కొత్త దేవుడి వల్ల ఏం ఒరిగిందని అడిగినవాడికి వీపు మీది వాత చూపించి కూడా వదలనంటుంటే, వినేవాడు ఆలోచనలో పడడా?

1876లో ధాత కరువు వచ్చింది. గొడ్లు చచ్చాయి, మనుషులు చచ్చారు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. కుర్రతనంలో అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతలూ లెక్కలూ ఆయనకు కొత్తకాదు. బోధకులే మేస్త్రీలయ్యారు. మట్టి తట్టలు మోసి అలిసినవాళ్లు కట్ట మీద కూలబడితే మేస్త్రీ కూడా పక్కనే కూర్చునేవాడు. అలసినవాళ్లను తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన మత్తయి సువార్త మాట అక్కడ ఎక్కువగా చెప్పేవాళ్లట. వినేవాళ్లు తట్ట పక్కన పెట్టి, అరచేతుల్లో పొక్కులు చూసుకుంటున్నవాళ్లు. ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కాలువ పని చేసినవాళ్లు కరువు తీరాక ఎవరి ఊళ్లకు వాళ్లు పోతూ ఆ మాట కూడా పట్టుకుపోయారు.

దీన్నే కొందరు గంజి కోసం కలిసిన మతం అంటారు. ఆ మాట మా ఇంటి ముందే అన్నవాళ్లున్నారు కాబట్టి తప్పించుకోను. కరువుకూ ఆ కలయికకూ సంబంధం లేదంటే అబద్ధం. ఆకలిలో కూలి ఇచ్చినవాణ్ణి జనం నమ్మారు. కానీ క్లౌ ఆ కరువులో పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కడుపు కోసం వస్తారనే అనుమానం మనకంటే ఆయనకే ఎక్కువ. 1878లో సాయం ఆపాక మళ్లీ మొదలుపెడితే జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది వచ్చారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు, తెలుగు బోధకులు ఆరుగురు. ఇద్దరు అలిసిపోతే ఇద్దరు దిగారు. కరువు దక్షిణాదిలో చాలా జిల్లాల్లో ఉంది, గంజి కేంద్రాలు చాలాచోట్ల ఉన్నాయి. అయినా ఇంత జనం ఇక్కడ ఒక్కసారిగా కదిలారంటే, దానికి వెనక పన్నెండేళ్ల పాటు లందల దగ్గర, పెళ్లిళ్లలో, దినాల్లో, సంతకు పోయే దారిలో నడిచిన మాట ఉంది. కరువు ఆ మాటకు తొందర పెట్టింది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. సావనీర్లలో ఇది రాయరు. మాట చుట్టరికం వెంట నడిచింది కాబట్టే అంత వేగంగా పోయింది. చుట్టరికం ఆగినచోట అది కూడా ఆగింది. ఒంగోలు బాప్తిస్టు సంఘం దాదాపుగా మాదిగ సంఘమైంది. ఉత్తరాన కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లో చర్చి మిషన్ సొసైటీ దొర డార్లింగ్ చేత బాప్తిస్మం పొందాడు. ఆయన నోటి మాట ఆ వైపు మాలపల్లెల వెంట పోయింది. గుంటూరు లూథరన్లలోనూ మాలలే ఎక్కువ. ఒకే బైబిలు, ఒకే యేసు. అయినా ఒక ఊళ్లో మాలపల్లె చర్చికి ఒక మిషన్, మాదిగపల్లె చర్చికి ఇంకో మిషన్. దొరలు పంచుకున్న ఎల్లలు కొంత కారణం. అసలు కారణం, ఎవరూ చుట్టం కానివాడి మంచం మీద కూర్చుని మాట్లాడకపోవడం. తక్కువవాళ్లని ఊరు వెలివేసిన రెండు పల్లెలూ ఒకదాన్నొకటి వెలివేసుకుని ఉన్నాయి.

కులం గీత దాటి ఊళ్లోకి మాట పట్టుకుపోయినవాళ్లు ఆడవాళ్లు. వాళ్లను బైబిలు స్త్రీలు అనేవాళ్లు. మా నాయనమ్మ ఆ పని చేసింది. ఆమెను మేం జేజి అనేవాళ్లం. నేను చూసేనాటికి ముసలిదైపోయింది కానీ తిరగడం మానలేదు. భుజాన గుడ్డ సంచి, అందులో మార్కు సువార్త ప్రతులు రెండు మూడు, సూదీ దారం, వాము, శొంఠి. రెడ్ల వీధిలో ఆమెను ‘బైబిలమ్మ’ అని పిలిచేవాళ్లు. చిన్నపిల్లను కాబట్టి నన్ను వెంట తీసుకుపోయేది. అరుగు మీద కూర్చోనిచ్చేవాళ్లు కాదు, మెట్టు కింద కూర్చునేది. దాహమేస్తే చెంబు పైనుంచి ఎత్తి దోసిట్లో పోసేవాళ్లు. తల వంచుకుని తాగేది, మూతి తుడుచుకుని మాట అందుకునేది.

“ఏంది బైబిలమ్మా, నాలుగు రోజుల్నించి కనపడలా?”

“మనవరాలికి జెరమమ్మా. మీ చిన్నకోడలు ఎట్టుంది? పాలు పడ్డాయా?”

“యాడ పడ్డాయి! రాత్రంతా బిడ్డ ఒకటే ఏడుపు.”

అప్పుడు సంచి విప్పేది. బాలింతకు వాము ఎట్లా వేయించి పెట్టాలో చెప్పేది. పిల్ల పొట్ట నిమరడం చూపించేది, తను ముట్టుకోకుండా తన ఒళ్లో ఉన్న నా పొట్ట మీద చూపించేది. అది అయ్యాక కూడా బైబిలు తీసేది కాదు. లోపలి నుంచి పెద్దావిడే, “ఆ గొడ్రాలి కథ చెప్పవే ఇంకోసారి” అనేది. జేజి మొదలుపెట్టేది. హన్నా అనే ఆమెకు పిల్లలు లేరు. సవతి రోజూ దెప్పేది. గుడికి పోయి ఏడుస్తుంటే పూజారి చూసి తాగొచ్చిందనుకున్నాడు. ఇక్కడికి వచ్చేసరికి వాకిట్లో చేట పట్టుకున్న చెయ్యి ఆగిపోయేది, బియ్యం చెరగడం ఆగిపోయేది. ఆ ఇంట్లో ఎవరి కడుపు పండలేదో, ఎవరు ఎవరిని దెప్పుతున్నారో జేజికి తెలుసు. తెలిసి కూడా కళ్లెత్తి వాళ్ల వంక చూసేది కాదు, నేల చూస్తూ చెప్పేది. సమూయేలు పుట్టాక కథ అయిపోయేది. “వస్తా తల్లీ” అని లేచేది. బాప్తిస్మం మాటే ఎత్తేది కాదు. ఎందుకు ఎత్తవని ఒకసారి అడిగాను. “అడిగినోళ్లకే చెప్పాలమ్మాయ్. అడక్కముందే చెబితే అది ఇంకో కరణం పెత్తనం” అంది.

ఆ వీధిలో ఆమె చేత బాప్తిస్మం దాకా వచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. మిషన్ లెక్కల ప్రకారం ఆమె చేసింది సున్నా. కానీ ఆ ఇళ్లలో ఎవరికి ఒళ్లు బాగాలేకపోయినా ప్రార్థన చేయమని కబురు వచ్చేది. పెద్దావిడ పోయేముందు రోజు జేజిని పిలిపించి, మెట్టు కింద కాకుండా మంచం పక్కనే కూర్చోబెట్టుకుంది. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు.

చుట్టరికం గీత దాటాలని పట్టుబట్టి పనిచేసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్‌గా దోర్నకల్ పదవి చేపట్టాడు, తెలుగు నేర్చాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత సొంత తల మీద చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు అయ్యో అని పౌలు చెప్పిన మాట పలికించేవాడు. కూలిమనిషి, చదువురానిది అని చూసేవాడు కాదు. ఏడాదికి ఒక వారం సాక్ష్యపు వారంగా పెట్టి, పాస్టర్లు కాదు, సభ్యులే పక్క వీధులకు పోయి తమ సంగతి చెప్పాలని పంపేవాడు. ఆ మేత్రాసనంలో మాలలూ మాదిగలూ ఇద్దరూ ఉండేవాళ్లు. ఒకే బల్ల దగ్గర ఒకే గిన్నె తాగాలన్నది ఆయన పట్టు. ఆయన కాలంలోనే కమ్మ, రెడ్డి, తెలగ ఇళ్ల నుంచి కూడా జనం రావడం మొదలైంది. కారణం అడిగితే, బోధ విని కాదు, మా పాలేర్ల బతుకు మారడం చూసి అని చెప్పినవాళ్లే ఎక్కువ.

ఇప్పటి సంగతికి వస్తే మైకులకు లోటు లేదు, టీవీ చానళ్లకు లోటు లేదు. మెట్టు కింద కూర్చుని మాట్లాడేవాళ్లే తగ్గారు. దానికి చట్టం కూడా ఒక కారణం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడినని చెప్పుకున్న మాల, మాదిగలకు షెడ్యూల్డు కులం హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి కింద ఒక్క శాతం. అందుకే చర్చిలో ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరు. తన నమ్మకం ఆఫీసులో చెప్పలేనివాడు పక్కింటివాడితో మాత్రం ఏం చెబుతాడు? వెనకటి బేరగాడు తోళ్ల మూటతో పాటు నమ్మకాన్ని కూడా బాహాటంగా మోసుకుపోయాడు. కులం సర్టిఫికెట్టు జేబులో ఉన్న మనవడు ఇప్పుడు మాట తగ్గించి నడుస్తున్నాడు.

రెండో కారణం మేమే. ఆదివారం పేపర్లో వధూవరుల ప్రకటనలు చూడండి. క్రిస్టియన్ మాల అమ్మాయికి అదే కులం అబ్బాయి కావాలని ఉంటుంది. క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి, ఎవరి వరస వాళ్లదే. పేరయ్య నాడు మాట నడిచిన దారులన్నీ పెళ్లి సంబంధాల దారులే. ఆ దారుల మీద చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పడం ఎప్పుడో అయిపోయింది. జనం ఎందుకు రావడం లేదని కమిటీ మీటింగుల్లో నన్ను అడుగుతుంటారు. కరపత్రాలు వేయిద్దాం, సభ పెడదాం అంటారు. నేను అడిగేది ఒకటే: మాలపల్లె చర్చికీ మాదిగపల్లె చర్చికీ మధ్య ఈ ఏడాది ఒక్క వియ్యం కలుస్తుందా? అది కలిస్తే కరపత్రం అక్కర్లేదు, మాట దానంతటదే పక్క వీధికి పోతుంది.